కీమ్యాన్ అడుగు

దిగువమెట్ట దాటాక కొత్త లైను కుడికి వంగుతుంది.
పాత లైను వంగదు, ఆగిపోతుంది
ఒక ఈతపొదలో,
మాట మధ్యలో దగ్గొచ్చిన మనిషిలా.

నా సంచిలో ముప్పై మీటర్ల టేపు, దిక్సూచి,
గళ్ల కాగితాల పుస్తకం.
నా ముందు ఖాసిం పీరా, డెబ్బై ఎనిమిదేళ్లు.
వాన లేదు, ఎండా లేదు,
గొడుగును సుత్తిలా భుజాన పెట్టుకున్నాడు.
"కొలుసుకో సామీ," అన్నాడు,
"కొలవాల్సింది మాత్రం ఈడ లేదు."

పట్టాలు తీసుకుపోయారు. స్లీపర్లు తీసుకుపోయారు.
బోల్టులు, ఫిష్‌ప్లేట్లు, సిగ్నలు తీగ,
మైలురాళ్ల ఇనుప అంకెలు కూడా.
కంకరను మాత్రం వేలంలో ఎవరూ పాడలేదు.
దాని మీదే ఇప్పుడు తంగేడు పూసింది
రెండు వరసల్లో, నడుమ మీటరు ఖాళీతో,
ఏది ఎక్కడుండేదో ఎవరో చెప్పినట్టు.

వాగులో దిమ్మెలు నిలబడే ఉన్నాయి.
మోయడానికేమీ లేక
తలల మీద గడ్డి మోస్తున్నాయి.
రాతికి చెయ్యి ఆనించాను.
ఒక్కో ఉలి దెబ్బ వెనక ఒక్కో కూలి దినం.
కింది వరసలో, నీటి చార పక్కన,
ఒక రాయి మీద ఎవరో చేపను చెక్కారు.
ఈ కొండల్లో ఇంత పెద్ద చేపేంటి?
"సముద్రం పక్కోడెవడో పనికొచ్చుంటాడులే,"
అన్నాడాయన, "ఇంటి మీద బెంగ."
పుస్తకంలో రాసుకున్నాను:
చేప, ఆరంగుళాలు, కారణం తెలియదు.
కారణం అనే గడి చాలా చిన్నది.

ఘాటు ఎక్కేటప్పుడు వెనక ఇంకో ఇంజను తోసేదట.
ముందుది కూత పెడితే వెనకది బదులు పలికేదట.
నడక కన్నా కొంచెం వేగం, అంతే.
గూడెం నుంచి ఈదమ్మ తేనె సీసాలతో
ఈ మలుపులో ఎక్కి, బేరం ముగించి,
పై మలుపులో దిగిపోయేది,
టికెట్టు అడిగేవాడు వచ్చేలోపే.
ఒకడెవడో రూపాయి బాకీ పడ్డాడు.
మరుసటేడు అదే బండిలో పోతూ
కిటికీలోంచి విసిరి మొక్కాడు.
కంకరలో పడింది. దొరకలేదు.
ఈదమ్మ పోయి చాన్నాళ్లయింది.
మనవడు ఈతాకు కోయడానికొచ్చినప్పుడల్లా
ఈ మలుపులో కాసేపు
కాలితో రాళ్లు కెలికి పోతాడట.

ఆయన వెనకే నడుస్తున్నాను.
నేను రాళ్ల మీద తూలుతున్నాను, ఆయన తూలట్లేదు.
వాగు దగ్గర తడి ఇసుకలో
ఆయనకు చెప్పకుండా టేపు పరిచాను.
మడమ నుంచి మడమకు ఒకటే దూరం,
పదకొండు సార్లు.
"ఏంది కొలుస్తుండావు?" చూడనే చూశాడు.
చెప్పాను.
"స్లీపరుకో అడుగు," అన్నాడు.
"తక్కువేస్తే కంకరలో, ఎక్కువేసినా కంకరలోనే.
ముప్పై నాలుగేండ్లు.
నా పెండ్లి ఊరేగింపులో గూడా అట్నే నడిచినా,
అందరూ నవ్వినారు."

గళ్ల కాగితం మీద
ఆ పదకొండు గీతలూ దించాను.
లైను అంతా తిరిగి గీయడానికి
అవి చాలేట్టున్నాయి.

ఒక చోట కుడికాలు కొంచెం ఎత్తి వేశాడు.
"ఈడ జాయింటు. ఎండకు సాగి పైకి లేసేది."
అక్కడేమీ లేదు, ఒక గొర్రె పెంటిక.
నేనూ కాలెత్తి వేశాను.

కొండకు అటువైపు, కొత్త లైను మీద,
ఏదో బండి కూత పెట్టింది.
ఆయన ఎడమ పక్కకు జరిగాడు
గొడుగు దించి, ముఖం పక్కకు తిప్పి,
దుమ్ము పడకుండా కళ్లు మూసుకుని.
చేతిలో టేపు అట్నే పట్టుకుని
నేనూ జరిగి నిలబడ్డాను
ఆ రెండు తంగేడు వరసలకూ దారి ఇస్తూ.
గాలి కూడా రాలేదు.

ఎంతసేపో నాకు తెలియలేదు.
ఆయనకు తెలుసు, ఎన్ని పెట్టెలో.
"పొయ్యింది," అన్నాడు. "రా."